నల్లబండ హాల్టు వెనక మెట్లు

వెనక మెట్లు తీసెయ్యమని రైల్వే ఇంజనీర్లు చెప్పి పన్నెండు రోజులయింది. వెంకటరాజం ఇంకా తీయలేదు. ఉన్నవి ఐదు రాళ్లు, గడ్డపార ఉంటే గంట పని. రోజూ పొద్దున గడ్డపార పట్టుకొని ప్లాట్‌ఫారం వెనక్కి పోతాడు, పై రాయి మీద కాసేపు కూర్చుంటాడు, గడ్డపారను మళ్లీ తెచ్చి టికెట్ గదిలో మూలకు నిలబెడతాడు.

ఆ మెట్ల కిందనుంచే కొత్త పట్టాలు పోతున్నాయి. పై రాయి మీద కూర్చొని కాళ్లు చాపితే కంకరకు తగులుతాయేమో అన్నంత దగ్గర. ఇవాళో రేపో వాటి మీద బండి నడుస్తుంది. ఊరు పట్టాలకు ఆవల ఉంది, ప్లాట్‌ఫారం ఈవల ఉంది. నడుమ ఉన్న దారి ఆ మెట్లే. నలభై అయిదు మంది రోజూ వాటి మీదుగా ఎక్కి వరంగల్ పోయే పుష్‌పుల్ బండి పట్టుకుంటారు. ఎక్కమని వాళ్లకు అలవాటు చేసినవాడు వెంకటరాజమే.

నల్లబండ హాల్టు హసన్‌పర్తికి, కాజీపేటకు నడుమ ఉంది. స్టేషన్ అనడానికి లేదు. స్టేషన్ మాస్టరు లేడు, సిగ్నలు లేదు, తాగే నీళ్లు కూడా వెంకటరాజం ఇంటి నుంచి బిందెతో తెచ్చిపెట్టేవే. పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి ఆగుతాయి. మిగతావి ధూళి లేపుకుంటూ పోతాయి. టికెట్లు అమ్మేది వెంకటరాజం. హాల్టు ఏజెంటు అంటారు గాని ఆయన రైల్వే మనిషి కాదు. కాజీపేటలో టికెట్లు తెచ్చుకొని ఇక్కడ తేదీ ముద్ర కొట్టి అమ్మితే ఇంత అని ఇస్తారు. యూనిఫారం లేదు, జెండా లేదు. ఎవరినైనా ఆగమని చెప్పే హక్కు అసలే లేదు.

రైలు స్టేషన్లు చూసుకుంటూ ఊళ్లు తిరిగినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. వాటిని కట్టినవాడు రైల్లో కూర్చొని కట్టాడు, ఊళ్లో నిలబడి కట్టలేదు. ముఖం పట్టాల వైపు, వీపు జనం వైపు. నిజాం జమానాలో కట్టిన పెద్ద స్టేషన్లకు ముందు వాకిట్లో కమాను, గుర్రబ్బండి నిలిపే చోటు అని ఏదో మర్యాద ఉండేది. హాల్టులకు ఆ మర్యాద కూడా లేదు. ఎనిమిది అడుగులకు పదడుగుల గది, సిమెంటు రేకు, పట్టాల వైపు ఒక కిటికీ. కిటికీకి అరచెయ్యి పట్టేంత అర్ధచంద్రం బొక్క. దాని ముందు ఎంత పొడుగు మనిషైనా వంగాల్సిందే. బహుశా అందుకే దాన్ని అంత కిందికి పెట్టారు.

నల్లబండలో హాల్టు వచ్చిన కాలానికి ఊరు దక్షిణాన, గేటు దగ్గర ఉండేది. అందుకని ప్లాట్‌ఫారం ఎక్కే వాలు కూడా ఆ చివరనే పెట్టారు. తప్పేమీ లేదు. కాని ఊళ్లు పెట్టిన చోట ఉండవు. హన్మకొండ పెరిగింది, ప్లాట్లు పడ్డాయి, కాలనీలు లేచాయి, ఊరు మెల్లగా ఉత్తరానికి జరిగి హాల్టు వీపు వెనక వచ్చి కూర్చుంది. ఇంట్లోంచి చూస్తే బండి కనిపిస్తుంది, ఎక్కాలంటే మాత్రం గేటు దాకా పోయి తిరిగి రావాలి. అర కిలోమీటరు పోక, అర కిలోమీటరు రాక. ఎవరు పోతారు? వెనకనుంచి ప్లాట్‌ఫారం గోడ పట్టుకొని పాకేవారు. గోడ రెండు మూరల ఎత్తు.

ఒకనాడు కూరగాయల సమ్మమ్మ అట్లా పాకుతూ గంపతో సహా వెనక్కి పడింది. మోకాలి చిప్ప పగిలింది. ఆమె మూడు నెలలు మంచంలో ఉంటే వెంకటరాజం మూడు నెలలూ ఆ గోడను చూస్తూ కూర్చున్నాడు.

అప్పటికి ఆయన మగ్గం మానేసి ఏడేళ్లు. గుంట మగ్గం అది. నేలలో గొయ్యి తవ్వి, అంచున కూర్చొని, కాళ్లు లోపలికి వేలాడేసి నేస్తారు. గొయ్యి అంచులకు వాళ్ల నాయన మంచి నల్లరాయి పలకలు వేయించాడు. తండ్రి ముప్పై ఏళ్లు, కొడుకు పందొమ్మిదేళ్లు కూర్చుంటే ఒక పలక అద్దంలా నున్నబడింది. మగ్గం పోయింది, గొయ్యి మిగిలింది, ఇంట్లో పిల్లలు పడకుండా దాని మీద తలుపు చెక్క వేసి ఉంచారు.

"కూసుండేటోడే లేడు, గుంటకు రాళ్లెందుకు? తీస్కపో" అంది భార్య వాసంతి.

ఐదు పలకలు తీసుకుపోయి వెనక మెట్లు కట్టాడు. నక్షా ఏమీ లేదు. సమ్మమ్మ మంచం దిగి నడవడం మొదలుపెట్టాక ఆమెను గోడ దగ్గర నిలబెట్టి, కాలు ఎంత ఎత్తు లేస్తుందో మూరతో కొలిచాడు. ఆ కొలతకే మెట్టు. నున్నటి రాయి పైన పెట్టాడు. ఆనాటి నుంచి ఒక పద్ధతి నిలిచింది. గేట్‌మన్ రమాకాంత్‌కు హసన్‌పర్తి నుంచి బండి వదిలిన కబురు రాగానే వెంకటరాజానికి ఫోన్ చేస్తాడు. వెంకటరాజం వేపచెట్టుకు వేలాడదీసిన పట్టా ముక్క మీద ఇనుప రాడ్డుతో కొడతాడు. ఆ గంట వినపడితే ఊరు కదులుతుంది, చాయ్ తాగేవాడు గ్లాసు కింద పెడతాడు, సమ్మమ్మ గంప ఎత్తుకుంటుంది. అయిదు నిమిషాల్లో అందరూ మెట్లెక్కి ప్లాట్‌ఫారం మీద ఉంటారు. పై రాయి మీద నిలబడి సమ్మమ్మ గంప అందుకోవడం వెంకటరాజం పని. పద్దెనిమిదేళ్లలో ఒక్క రోజూ తప్పలేదు.

ఇప్పుడు మూడో లైను వచ్చి ఆ మెట్లకు, ఊరికి నడుమ పడుకుంది. పట్టాల మీదుగా ఇనుప వంతెన లేచింది. అరవై నాలుగు మెట్లు అటు, అరవై నాలుగు ఇటు. ఊరి వైపు చివరి మెట్టు ఇంకా గాలిలోనే ఉంది. మట్టి పోయలేదు, పసుపు పట్టీ కట్టి ఉంచారు. అది తెరిచేదాకా గేటు మీదుగా రండి అని ఇంజనీర్లు చెప్పారు. కొత్త లైను మీద బండి నడిపి చూస్తామని, పట్టాల మీదికి రావద్దని ఆటోలో మైకు పెట్టి చెప్పించారు. రెండుసార్లు చెప్పించారు, రెండుసార్లూ బండి వాయిదా పడింది. రెండుసార్లూ వెంకటరాజం గొంతు పోయేలా అరిచి జనాన్ని గేటు దాకా నడిపించాడు. రెండో రోజు సాయంత్రం మరమగ్గాల రాజమౌళి ఆయన్ను చూసి "కాకా, నీ ట్రయల్ బండి ఏడిదాంక వచ్చిందే? ఢిల్లీల బయిలెల్లిందా?" అన్నాడు. చాయ్ హోటల్ మొత్తం నవ్వింది. మూడోసారి గోడకు కాగితం అంటించినప్పుడు చదివినవాడు లేడు.

ఆ మూడోసారి శుక్రవారం. పది నుంచి ఒంటిగంట దాకా అని కాగితం. ఎనిమిదింటికి రావాల్సిన పుష్‌పుల్ ఎప్పుడో పోయి ఉంటుంది కాబట్టి ముందు రాత్రి వెంకటరాజం నిశ్చింతగానే పడుకున్నాడు. కాని ఆ పొద్దు పుష్‌పుల్ రాలేదు. ఎనిమిదిన్నర, తొమ్మిది, తొమ్మిదిన్నర. పై స్టేషన్ల దగ్గర ఎక్కడో పనులట. జనం ఇళ్లకు పోయారు. గంట కొడితే వస్తామన్నారు.

పదీ ఇరవైకి ఫోన్ మోగింది.

"మామా, పుష్‌పుల్ హసన్‌పర్తి ఇడిసింది" అన్నాడు రమాకాంత్. ఊపిరి ఆడకుండా మాట్లాడుతున్నాడు. "ఇటు కాజీపేట నుంచి ట్రయల్ బండి గూడ ఇడిసిండ్రు. మూడో లైన్ల. నూట ఇరవై మీద వస్తదట. రెండు ఒక్క టైముకే నీ కాడికొస్తయ్. జర చూస్కో. నేను గేటు ఇడిసి రాలేను."

వెంకటరాజం చేతిలో ఇనుప రాడ్డు ఉంది. గంట వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు.

కొడితే ఊరంతా పరుగెత్తుకొచ్చి సరిగ్గా ఆ పట్టాల మీద ఉంటుంది. కొట్టకపోతే? పుష్‌పుల్ కూత వినపడకుండా ఎట్లా పోతుంది? ఈ ముసలోడు గంట కొట్టడం మరిచిండని తిట్టుకుంటూ తలా ఒక సందులోంచి, ఒక్కొక్కరుగా, ఆలస్యమైందన్న గాబరాతో పట్టాల మీద పడతారు. గంటతో వచ్చే గుంపు ఒక్క దారిన వస్తుంది. విడివిడిగా పరుగెత్తేవాళ్లను ఒక్క మనిషి ఆపలేడు.

ఆ ఒక్క దారిలో, కొత్త లైనుకు ఊరి వైపున, మిగిలిన కంకర రెండు కుప్పలుగా పోసి ఉంది. నడుమ సందు రెండు మూరలు.

రాడ్డు ఎత్తి గంట కొట్టాడు.

అయిపోయింది. ఇక వాళ్లు చెప్పులు వేసుకుంటున్నారు. టికెట్ గదిలోకి పోయి రేకు బల్ల లాగాడు. దాని మీద టికెట్ల డబ్బా, ముద్ర, సిరా దిండు. అన్నీ కలిపి గుండెలకు హత్తుకొని వెనక మెట్లు దిగాడు. అరవై మూడేళ్ల మోకాళ్లు ఒక్కో రాయి మీద ఒక్కో మాట అన్నాయి. పట్టాలు దాటుతుంటే బల్ల కాలు పట్టాకు తగిలి డబ్బా జారింది. వంగి ఏరుకున్నాడు. దక్షిణం వైపు చూశాడు. ఎండ, పట్టాలు, గేటు. ఏమీ లేదు.

కంకర కుప్పల నడుమ బల్ల పెట్టి, దాని వెనక, పట్టాలకు వీపు పెట్టి నిలబడ్డాడు. సందు మూసుకుంది.

మొదట వచ్చింది రాజమౌళి. "ఏందే కాకా, దుకాణం ఈడికి మార్చినవ్?"

"టికెట్లు ఈడనే ఇస్త ఇయ్యాల. లైన్ల నిలబడుండ్రి. కొత్త పట్టాల మీద బండొస్తాంది."

"ఢిల్లీ నుంచా?"

వెనక నవ్వులు. అయినా రాజమౌళి బల్ల ముందు ఆగాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. చెప్పిన మాట కోసం కాదు, టికెట్ కోసం. వెంకటరాజం చేతిలో టికెట్ తీసుకోకుండా బండెక్కడం ఆ ఊళ్లో ఎవరికీ అలవాటు లేదు. వంగి ఆ బొక్కలో చెయ్యి పెట్టిన జనం, బొక్క లేకపోయినా ఆ చెయ్యి ముందు ఆగారు.

వెంకటరాజం ముద్ర తీశాడు. సిరా దిండు మీద అద్దాడు. టికెట్ మీద పెట్టి వత్తాడు. ఎత్తి చూశాడు. సరిగా పడలేదన్నట్టు మళ్లీ వత్తాడు.

"ఏందే అది, పెండ్లి పత్రికా? ఇయ్యరాదే!"

"తేదీ కనవడాలె గదా."

ఉత్తరాన కూత వినపడింది. లైను మొత్తం ఒక్క అడుగు ముందుకు జరిగింది. బల్ల కదిలి వెంకటరాజం కడుపుకు ఆనింది.

"వచ్చె! వచ్చె! పుష్‌పుల్ వచ్చె!"

సమ్మమ్మ గంపతో పక్కనుంచి ముందుకొచ్చింది. ఎడమ చెవి వినపడదు కాబట్టి ఆమె మామూలు మాటే అరుపు. "ఓ రాజం! నువ్వీడుంటె గంప ఎవలందుకుంటరు? అవుతల ఎవడున్నడు?"

"నేనే అందుకుంట అక్కా. నేను పోయినంక నువ్వు రా."

"ఎప్పుడు పోతవ్? కూర వాడిపోతాంది! పొద్దుగాల కోసిన కూర!"

కాని ఆగింది. అవతల పై రాయి ఖాళీగా ఉంది. అందుకునే మనిషి లేకుండా గంప ఎత్తుకొని ఆ మెట్లెక్కడం ఆమె కాళ్లకు తెలియదు.

పుష్‌పుల్ వచ్చి ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఒక్క మనిషి లేడు. తలుపుల్లో నిలబడ్డ ముఖాలు ఇటు వింతగా చూస్తున్నాయి. నిమిషం ఆగుతుంది. ఇంత దగ్గర. నాలుగంగల్లో పట్టాలు, ఐదు మెట్లు, బండి. గుంపులోంచి తిట్లు మొదలయ్యాయి, అందరికీ తెలిసిన మంచి ముదురు తిట్లు. వెంకటరాజం తల ఎత్తకుండా ముద్ర అద్దుతున్నాడు.  

అప్పుడు పద్మ వచ్చింది. వరంగల్ మట్టెవాడలో చీరల దుకాణంలో పనిచేసే పిల్ల. ఇప్పటికే రెండు గంటలు ఆలస్యం, మధ్యాహ్నం దాటితే సేటు లోపలికి రానివ్వడు. పక్కకు జరిగి, కంకర కుప్ప మీదికి ఒక కాలు వేసి, బల్ల పక్కనుంచి దూరింది.

"పద్మా! ఆగు!"

"నాకు టికెట్ అక్కర్లే మామా. నెల పాసుంది."

వెంకటరాజానికి ఆ ఒక్క సంగతి తోచలేదు. పాసున్నవాళ్లు ఆయన కిటికీ దగ్గరికి ఎప్పుడూ రారు. ఆమె బల్ల దాటి ఆయన పక్కకు వచ్చేసింది. ముందు ఉన్నవి పట్టాలే. చెయ్యి పట్టుకుందామంటే పరాయి ఆడపిల్ల. బండొస్తాందని చెబుదామంటే ఆ మాట రెండు నెలలుగా అరిగిపోయింది.

"పాసు చూపియ్యి" అన్నాడు.

ఆమె తిరిగి చూసింది.  పద్దెనిమిదేళ్లలో ఆయన ఎవరినీ ఆ మాట అనలేదు.

"ఏందీ?"

"పాసు చూపిచ్చి పో."

"నువ్వెవరు మామా అడగనీకి? టీసీవా? నల్లకోటెప్పుడు కుట్టిచ్చినవ్?" ముఖం ఎర్రబడింది. "నేను దొంగతనంగ పోతున్ననా? ఇంతమందిల నన్ను దొంగను చేస్తవా?"

"చూపియ్యి."

"చూడు! కండ్ల నిండ చూడు!" అని సంచీ జిప్పు లాగింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, ఫోను, మందుల చీటీ. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద కొడుతోంది. పుష్‌పుల్ కూత వేసింది. పాసు లేదు. లోపలి అరలో వెతికింది. ఉంది. తీసి ఆయన ముఖం ముందు పెట్టింది.

ఆమె చెయ్యి ఆయన ముఖం ముందు ఉండగానే నేల అదిరింది.

కూత వినపడిందో లేదో తర్వాత ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. అందరూ ఉత్తరం వైపు, ఆగి ఉన్న బండి వైపు చూస్తున్నారు. అది దక్షిణం నుంచి వచ్చింది. ఇంజను, వెనక ఎనిమిది పెట్టెలు. మనిషి చూపుకు అందే వేగం కాదు. గాలి గోడలా వచ్చి తాకింది. టికెట్లు ఎగిరాయి, సమ్మమ్మ గంపలోంచి కొత్తిమీర లేచింది, పద్మ చున్నీ పక్కకు సాగి పట్టాల వైపు కొట్టుకుంది. వెంకటరాజం వీపు మీద కంకర చినుకులు పడ్డాయి. ఆయన తిరిగి చూడలేదు. రెండు చేతులతో బల్ల పట్టుకొని, కళ్లు మూసుకొని, పెట్టెలు లెక్కపెట్టాడు.

అది పోయాక చూస్తే ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. పుష్‌పుల్ కూడా కదిలిపోయింది. గార్డు చివరి పెట్టెలోంచి ఇటే చూస్తూ పోయాడు. ఆ రోజు నల్లబండలో ఎవరూ ఎక్కలేదు.

 రాజమౌళి వంగి ఎగిరిపోయిన టికెట్లు ఏరుతున్నాడు. పద్మ చెయ్యి పాసుతో ఇంకా అట్లాగే చాచి ఉంది.  ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి వెంకటరాజం కళ్లజోడు సవరించుకొని నిజంగానే ఆ పాసు చదివాడు.

"బిడ్డా" అన్నాడు నెమ్మదిగా. "ఇది నిన్ననే అయిపోయింది."

పద్మ పాసును తిప్పి చూసుకుంది. ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఆమె ఏడుపు చూసి సమ్మమ్మ "ఏమైందే, ఏమంటాండు వాడు?" అని అందరినీ అడిగింది. ఎవరికి వాళ్లు కంకర మీద కూలబడ్డారు.

మధ్యాహ్నం వెంకటరాజం గడ్డపార తీశాడు. ఈసారి పై రాయి మీద కూర్చోలేదు. నున్నటి పలక మొదట లేచింది. కింద ఎర్రచీమలు, ఒక పాత రూపాయి, ఎవరిదో గాజు ముక్క. సమ్మమ్మ పట్టాలకు అవతల నిలబడి ఒక్కో రాయికీ ఒక్కో శాపం పెట్టింది. "నా కాలు కొలిచి కట్టినవ్ గదరా! ఇప్పుడు తీసి ఏడ పెట్టుకుంటవ్? నెత్తి మీదనా?"

రాజమౌళి ఆ పూట మరమగ్గానికి పోలేదు. వచ్చి రాళ్లకు రెండో వైపు పట్టాడు. వంతెన దగ్గర మేస్త్రీ పసుపు పట్టీ విప్పుతున్నాడు. రేపటి నుంచి తెరవమన్నారట, మట్టి మాత్రం వచ్చే వారం వస్తుందట. చివరి మెట్టు నేలకు మూరన్నర పైన ఉంది.

"అందాక ఎగిరి ఎక్కుండ్రి" అన్నాడు మేస్త్రీ.

వెంకటరాజం మూరతో కొలిచాడు. కింద రెండు పలకలు పక్కపక్కన, వాటి మీద కొంచెం వెనక్కి జరిపి రెండు, అన్నిటి మీద నున్నటిది. కదలకుండా కంకర కూరాడు. పైకెక్కి తొక్కి చూశాడు.

"అక్కా, ఇటు రా. కాలు పెట్టు."

"నేనెక్క. అరవై నాలుగు మెట్లు! నా పానం తీస్తరా?"

"ఎక్కకు. కాలు పెట్టు."

సమ్మమ్మ గంప దించి, చీర కొంచెం ఎత్తి, కింది రాళ్లెక్కి, నున్నటి రాయి మీద కాలు పెట్టింది. అక్కడి నుంచి ఇనుప మెట్టు మీదికి రెండో కాలు తనంతట తానే పోయింది. కొలత అదే కదా. ఇంకో మెట్టు, ఇంకోటి. తిట్టుకుంటూనే కడ్డీ పట్టుకొని పైకి పోతోంది. వెంకటరాజం కింద నిలబడి ఫోనులో టైము చూశాడు. హసన్‌పర్తి నుంచి ఇక్కడికి బండికి పట్టేది అయిదు నిమిషాలు. ఈమె వంతెన దాటడానికి ఎంత పడుతుంది? ఏడా, ఎనిమిదా? ఎంతైతే అంత ముందు గంట కొట్టాలి. హసన్‌పర్తి కాదు, దాని ముందు స్టేషన్ వదలగానే చెప్పమని రమాకాంత్‌ను అడగాలి.

ఇరవై రెండో మెట్టు మీద సమ్మమ్మ ఆగి, కడ్డీ మీదుగా కిందికి వంగింది.

"ఏం చూస్తానవ్ రా గడియారం?"

"ఏం లేదు. ఎక్కు."

"నన్ను కొలుస్తానవా మల్ల?"

ఆమె అక్కడే కూర్చుంది. వెంకటరాజం ఫోను చేతిలో పట్టుకొని, ఆమె లేచేదాకా నిలబడ్డాడు. కూర్చున్న టైము కూడా కలపాలి.